కొండ వెనక, వాగు ముందు

వెనక గది
వానలు మొదలైన వారం

కత్తెరమ్మకు, వదిన రాస్తున్నది:

మీ ఊరి లైబ్రరీవాళ్ళు మళ్ళీ ఉత్తరం రాశారు. పిల్లల గదిలో పెడతామన్న బొమ్మరైలు ఏమైందని అడుగుతున్నారు. వానలు తగ్గేసరికి గాజుపెట్టె తయారవుతుందట. మీ అన్నయ్య ఆ రైలు కోసం చేసిన రెండు బల్లలూ వస్తాయో రావో ఒక మాట చెప్పమన్నారు. రెండో బల్ల నీ దగ్గర క్షేమంగానే ఉండి ఉంటుంది. మొదటిది ఇక్కడ మంచం కంటే పెద్దగా గది మధ్య పరుచుకుని ఉంది. పట్టాలున్నాయి, రైలుంది, మిగతాదంతా వట్టి చెక్క. మీ అన్నయ్య పక్షవాతంతో పడిన రోజున ఎక్కడ ఆగిందో అక్కడే ఆగిపోయింది.

ఏడాది చూశాను. ఆయన కుడిచెయ్యి లేవదు, ఈ బల్ల కదలదు. కాబట్టి కొండలూ చెట్లూ నేనే కడదామని నిశ్చయించుకున్నాను. నవ్వకు. ఇన్నేళ్ళూ తన బల్లల మీద దుమ్ము తుడవడానికి కూడా నన్ను దగ్గరికి రానివ్వని మనిషి. ఇప్పుడు ఆయన డబ్బాలన్నీ నేనే మూతలు తీసి చూస్తున్నాను. మోటార్లు చుట్టగా మిగిలిన రాగితీగ ఒకదానిలో, పచ్చరంగు పట్టించి ఆరబెట్టిన రంపపు పొట్టు ఇంకోదానిలో. నిన్న తీగలు మెలేసి, జిగురులో ముంచి, పొట్టులో పొర్లించి ఒక చెట్టు చేశాను. అచ్చం సీసాలు కడిగే బ్రష్‌లా వచ్చింది. తీసుకెళ్ళి చూపించాను. "కాదు" అన్నారు.

ఆయనకు మిగిలింది ఆ ఒక్క మాటేనని నీకు ముందే రాశాను కదా. నీళ్ళు కావాలా అంటే కాదు. ఆకలా అంటే కాదు. చెంచా నోటికందిస్తే మాత్రం తింటారు. "నోటికి దొరికిన మాట అదొక్కటేనమ్మా, దానికి అర్థం వెతక్కండి" అన్నాడు డాక్టరు. నేనూ వెతకడం మానేశాను. ఆగిపోయిన బల్లను చూసి కుమిలిపోతారేమోనని మంచం గోడవైపు తిప్పించాను. దానికీ కాదే.

దీనితో పాటు ఒక అట్ట పంపుతున్నాను. రెండు బల్లలూ కలిసే చోట నేల ఎత్తుపల్లాలు ఒక్కలా ఉండాలి కదా, ఆయన పెన్సిలుతో గీసిపెట్టుకున్న గీత ప్రకారం కత్తిరించాను. ఒక పక్క కొండ, ఒక పక్క వాగు, మధ్యలో పట్టాలు. "ఈ వైపు నీకు కనబడాలి" అని అట్ట మీదే రాశాను. నీ బల్ల అంచుకు అంటించి, దాన్ని బట్టి నేల కట్టుకో.

వీలైతే ఒకసారి రా. బల్ల కోసం కాదు, ఊరికే. ఈ గదిలో ఇంకో మంచానికి చోటు లేదు గానీ నీకు ముందుగదిలో పక్క వేస్తాను. నేనెలాగూ ఆయన పక్కన కుర్చీలోనే నడుం వాలుస్తున్నాను.

వదిన


కుట్టు దుకాణం, మేడ మీద

వదినకు, నోట్లో గుండుసూదులు తీసి పక్కన పెట్టి కత్తెరమ్మ రాస్తున్నది:

నీ సీసా బ్రష్ చెట్టు తలుచుకుని ఒంటరిగా నవ్వుతుంటే, బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చిన బ్యాంకు ఆవిడ నా వంక అనుమానంగా చూసింది. నాకూ అలాంటి చెట్లు నాలుగు చేసి పంపు. నా బల్ల కుట్టుమిషనుకూ ఇస్త్రీబల్లకూ మధ్య ఇరుక్కుని ఉంది. కొలతలకొచ్చినవాళ్ళు దాని మీదే సంచులు పెడుతున్నారు. మొన్న ఒకాయన స్టేషను మీద టోపీ పెట్టాడు. రైల్వేవాళ్ళకు చెప్పి పట్టిస్తానని బెదిరించాను.

అట్ట అందింది. మా అలవాటు ప్రకారం గుర్తులున్న వైపు లోపలికి పెట్టి అంటించి, అంచు వెంబడి సుద్దతో గీసి, దానికి తగ్గట్టు చెక్కముక్కలు నిలబెట్టాను. పొదుపుగా పని జరగాలని నా పాత పచ్చ మఖమలు కోటును నలిపి కొండ లోపల కూరాను. పైన ప్లాస్టర్ పిండి పూస్తే రాయిలా బిగిసింది. పచ్చికకు ఉన్నిదారాన్ని సన్నగా తుంచి చల్లాను. అన్నయ్య చూస్తే మెచ్చుకుంటాడు, మెచ్చుకోకపోయినా తిట్టడు. చిన్నప్పటినుంచీ వాడి తిట్టు కూడా మెచ్చుకోలు లాగే ఉండేది.

నా బల్ల అంచు ఎలా వచ్చిందో కాగితం మీద గీసి పంపుతున్నాను. ఒకసారి అన్నయ్యకు చూపించు.

రావడమంటే, ఇది స్కూలు బట్టల కాలం కదా వదినా. ఊపిరి సలపడం లేదు. కాస్త తెరిపిన పడ్డాక చూద్దాం.

కత్తెరమ్మ


వెనక గది

కత్తెరమ్మకు:

నీ కాగితం మీ అన్నయ్యకు చూపించాను. కాదు అన్నారు. ఒకసారి కాదు, వరసపెట్టి. ఎడమచేత్తో మంచం పట్టీ మీద దబదబా కొట్టారు. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తులేదు, ఆ కాగితంలో ఏముందో నేనూ సరిగా చూడలేదు. నీళ్ళు తాగుతారా అని అడిగాను. దానికీ అదే మాట, గ్లాసు మాత్రం ఖాళీ చేశారు. కాబట్టి నీ బల్ల బాగున్నట్టే లెక్క. కానివ్వు.

ఇక్కడ కొండ లేచింది. పాత వార్తాపత్రికలు ఉండలుగా చుట్టి పేర్చి, ప్లాస్టర్ పిండిలో ముంచిన కట్టుగుడ్డల్ని వాటి మీద పరిచాను. కట్టుగుడ్డలకు మన ఇంట్లో కొదవ లేదు. తడిగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది గానీ ఆరాక నా చేతులు కూడా కొండలాగే పగిలాయి. ఉతికిన దుప్పట్లు ఈ వానల్లో ఆరవు. ఆరనివి ఇస్త్రీపెట్టెతో ఆరబెడుతున్నాను. వాగులో నీటికి వార్నిష్ పొరలు పొరలుగా పొయ్యాలని ఆయన డబ్బా మీద రాసుకున్నారు. ఒక పొర పోసి, అది ఆరేలోగా ఆయన్ని పక్కకు తిప్పి వీపు తుడిచి, మళ్ళీ వచ్చి ఇంకో పొర. వాగులో ఒక దోమ పడి అక్కడే గట్టిపడిపోయింది. తియ్యలేదు. దానికైనా పడుకునే చోటు దొరికింది.

స్కూలు బట్టల కాలం ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుందే? కిందటిసారీ అదే రాశావు.

వదిన


కుట్టు దుకాణం, మేడ మీద

వదినకు:

కోపం తెచ్చుకోకు. మిషను బెల్టు తెగి రెండు రోజులు కూర్చోబెట్టింది. ఆ పని అంతా నెత్తిన పడింది. నీ కోపం చల్లారేలా ఒక మంచిమాట చెబుతాను విను.

నా బల్ల అయిపోవచ్చింది! లైబ్రరీ ఆయన గాజుపెట్టె కొలతలకని వచ్చి చూసి వెళ్ళాడు. స్టేషనుకు కిటికీలు పెట్టాను, ప్లాట్‌ఫాం మీద గుండీలతో బల్లలు చేశాను. అన్నిటికంటే కొండ చూసి తీరాలి. చూసేవాళ్ళు నిలబడే వైపే ముందుకు ఠీవిగా లేచి నిలబడింది. రైలు దాని వెనక దాక్కుంటుంది. పిల్లలు మునివేళ్ళ మీద లేచి కొండ మీంచి తొంగిచూస్తే గానీ కనబడదు. "రైలు కనబడాలి కదమ్మా?" అని లైబ్రరీ ఆయన నసిగాడు. "మా అన్నయ్య ఆలోచన అది, దోబూచులాట" అని నోరు మూయించాను. వెనక వాగు నిశ్శబ్దంగా పోతుంటుంది. వాడి బుర్రే బుర్ర!

ఒంట్లో బాగుందా? నీ ఉత్తరం పొట్టిగా ఉంది.

కత్తెరమ్మ


వెనక గది

కత్తెరమ్మకు:

కొండ ముందేమిటే?

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, బల్ల దగ్గరికెళ్ళి నిలబడ్డాను. నా బల్ల మీద కొండ వెనక ఉంది. వాగు ముందుంది. చూసేవాళ్ళు వాగు వైపు నిలబడతారు, వాళ్ళకూ కొండకూ మధ్య రైలు పోతుంది. ఇది నీకు విడిగా రాయాలని నాకు తట్టలేదు. రైలు కనబడకుండా కొండను ముందు పెట్టేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? ఇప్పుడు రెండు బల్లలూ కలిపితే నా వాగు వెళ్ళి నీ కొండను గుద్దుకుంటుంది. నీ బల్ల తిప్పి పెడదామంటే స్టేషను మధ్యలోకొచ్చి పట్టాలు గోడలోకి పోతాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం.

నీ కాగితం వెతికి, ఈసారి కళ్ళజోడు పెట్టుకుని చూశాను. కొండ కింద నువ్వు 'ముందు' అని చిన్నగా రాశావు. ఆయన చూశారు. కాదు అన్నారు. మంచం పట్టీ విరిగేలా కొట్టి మరీ చెప్పారు. నేను నీళ్ళు తాగించాను. ఆ రోజు కాదంటే కాదనేనే! మరి మిగతా రోజుల సంగతేమిటి? మంచం గోడవైపు తిప్పినప్పుడు అన్న కాదు ఎలాంటిది?

ఇంకో మాట కూడా రాసేస్తాను, దాచుకునే ఓపిక లేదు. ఇదంతా మీ అన్నయ్య కల నెరవేర్చడానికి చేస్తున్నానని నువ్వు అనుకుంటున్నావు. కాదు. ఈ బల్ల ఇంట్లోంచి పోవాలని చేస్తున్నాను. పూర్తయితే గానీ లైబ్రరీవాళ్ళు తీసుకెళ్ళరు, సగంలో ఉన్నదాన్ని బయట పారెయ్యడానికి నాకు చేతులు రావు. ఇది పోతే ఆ చోట మంచం వేసుకుంటాను. నాకు మంచం కావాలి. ఏడాదిగా కుర్చీలో పడుకుంటున్నాను. మెడ తిరగదు. బళ్ళో పిల్లలకు పాఠాలు చెప్పుకునేదాన్ని, ఇప్పుడు వేళ్ళ మీద కూడిక తప్పుతున్నాను. ఒకసారి ఆయన్నే అడిగాను, "ఈ బల్ల తీసేసి ఇక్కడ నేను మంచం వేసుకోనా?" అని. కాదన్నారు. అర్థం వెతకనని చెప్పుకున్నదాన్ని, ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

ఎందుకు రావు నువ్వు? బెల్టు తెగిందనీ బట్టల కాలమనీ రాయకు. నిజం రాయి. అలసిపోయాను.

వదిన


కుట్టు దుకాణం, మేడ మీద

వదినా,

నిజం రాస్తున్నాను. భయం.

అమ్మ పోయాక నాకు జడ వేసింది అన్నయ్య. మోటారు తీగ చుట్టే చేతులతో జడ వేస్తే ఎంత బిగుతుగా ఉండేదో నీకు తెలియదు, కనుబొమ్మలు పైకి లాగేసేవి. కత్తెర పట్టుకోవడం నేర్పింది వాడే. నేను ఏమడిగినా ఒక్కరోజు కాదనలేదు వదినా. ఇప్పుడు నేనొచ్చి ఎదురుగా నిలబడితే వాడు కాదంటాడు. డాక్టరు ఏం చెప్పినా సరే, ఆ మాట వాడి నోట వినలేనని రాలేదు. నువ్వు రోజూ వింటున్నావని ఒక్కనాడూ ఆలోచించలేదు. నాకే సిగ్గుగా ఉంది.

కొండ తప్పు నాది. దర్జీవాళ్ళం గుర్తులెప్పుడూ బట్టకు తిరగవైపే గీస్తాం, పైకి కనబడకూడదని. చెయ్యి అలవాటుపడిపోయింది. "ఈ వైపు నీకు కనబడాలి" అని నువ్వు రాసింది చదివాను, చదువుతూనే ఆ వైపు లోపలికి పెట్టాను. నన్నేం చెయ్యాలో నువ్వే చెప్పు.

వద్దులే, చెప్పకు. ఆదివారం వ్యాన్ మాట్లాడాను. బల్లతో సహా వస్తున్నాను. అదే వ్యాన్‌లో నువ్వు ఇటు వచ్చెయ్యి. తాళంచెవి చేతికిస్తాను. కుట్టుగది కిటికీ పక్కన నా మంచం ఉంది, దుప్పటి మార్చాను. దుకాణం మూసి ఉందని బోర్డు పెట్టాను, ఎవరు తలుపు కొట్టినా తియ్యకు. మందులు ఏ వేళకేమిటో గోడకు అంటించి వెళ్ళు. మిగతాది నేనూ అన్నయ్యా చూసుకుంటాం. నిన్ను నేను వెళ్ళమని అడగడం లేదు, వెళ్ళగొడుతున్నాను.

కత్తెరమ్మ


కుట్టుగది, కిటికీ పక్కన

కత్తెరమ్మకు:

వచ్చిన రోజు చెప్పులతోనే పడుకున్నాను. లేచేసరికి వెలుతురు ఉంది. అది అదే రోజు వెలుతురో మరునాటిదో తెలియక, కిందికెళ్ళి పాలవాణ్ణి అడగాల్సి వచ్చింది. మరునాటిదేనట. వాడు నా వంక చూసిన చూపు నువ్వు చూడాల్సింది.

ఇంత పెద్ద మంచం నీకెందుకే? కాళ్ళు చాపితే ఏమీ తగల్లేదు. ఏడుపొచ్చింది. తర్వాత మళ్ళీ నిద్రొచ్చింది.

మధ్యలో మెలకువ వచ్చినప్పుడల్లా చెయ్యి ఆయన కోసం వెతుకుతోంది. తింటున్నారా? వీపు ఎడమవైపు కాస్త ఎర్రగా ఉంది, దిండు పెట్టడం మర్చిపోకు. పళ్ళరసం గ్లాసుతో ఇవ్వకు, చెంచాతో ఇవ్వు. నన్ను అడుగుతున్నారా? ఎలా అడుగుతారులే. పిచ్చిదాన్ని.

వదిన


వెనక గది

వదినా, ఇది కూర్చుని తాపీగా చదువు. నీళ్ళు పక్కన పెట్టుకో.

నువ్వు వ్యాన్ ఎక్కాక గదిలోకి వెళ్ళాను, నన్ను చూడగానే ఏమన్నాడో ఊహించు. అదే మాట. నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. మళ్ళీ అదే మాట, ఈసారి మెత్తగా. ఏడవకన్నట్టు. ఇన్నాళ్ళు దీనికా భయపడ్డాను అనిపించింది.

ముందు మంచం బల్లవైపు తిప్పాను. నోరెత్తలేదు. ఒక్క కాదు కూడా లేదు! నీ కొండ వంక, నీ సీసా బ్రష్ చెట్ల వంక చాలాసేపు చూశాడు. తర్వాత రెండు బల్లలూ పక్కపక్కన చేర్చాం, నేనూ పక్కింటావిడ కొడుకూ. నీ వాగు దర్జాగా వచ్చి నా కొండకు తల కొట్టుకుంది. అన్నయ్య దాన్ని చూసి నవ్వాడు వదినా. సగం మొహంతోనే, కానీ చప్పుడు వచ్చేలా నవ్వాడు. వాడి ఎడమచేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి కొండ దగ్గరగా జరిపాను. పొడిచాడు. రెండో పోటుకు పగిలింది. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, మేం కొండను తవ్వి నా పాత మఖమలు కోటును పట్టాం. కొత్త కొండ వెనక వైపు కడుతున్నాను. వేలితో చూపిస్తున్నాడు, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం. పని రాక్షసుడు, రోజంతా వదలడు.

ఇక అసలు సంగతి. నిన్న దిండుగలీబు తిరగేసి కుట్టు చూస్తున్నాను. ఏ బట్టయినా తిరగేసి చూస్తే గానీ కుట్టు తెలియదు. అలా తిరగేసే చేత్తోనే మాట కూడా తిరగేశాను. "నీళ్ళు వద్దా అన్నయ్యా?" అన్నాను. "కాదు!" అన్నాడు, తల కూడా ఊపి. గ్లాసెడు తాగాడు. కాసేపటికి మళ్ళీ అడిగాను, "నీళ్ళు వద్దా?" అని. ఈసారి నోరు తెరవలేదు. వద్దు మరి! కావాలా అని అడిగితే పాపం వాడి దగ్గరున్న ఒక్క మాటే బయటికొస్తుంది, అది తప్పుగా వినిపిస్తుంది. వద్దా అని అడిగితే ఆ మాటే సరిగ్గా సరిపోతుంది. నేను అట్ట తిరగేసి అంటించిన పాపానికి ఇదైనా నా చేతి మీదుగా జరిగింది.

పొద్దున్నుంచీ అన్నీ తిరగేసి అడుగుతున్నాను. కిటికీ తెరవొద్దా? కాదు. గడ్డం గియ్యొద్దా? ఉలుకూ పలుకూ లేదు, పెంచుకుంటాడట. బల్ల లైబ్రరీకి పంపొద్దా? కాదు. గట్టిగా. నీకు బాధగా ఉండదా అన్నాను. చూపు బల్ల మీంచి నేలమీదికి దింపి, బల్ల కింద చోటునే ఎడమచేత్తో చూపించాడు. మళ్ళీ చూపించాడు. నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. మంచం వేసుకోనా అని నువ్వు అడిగిన సంగతి.

"బల్ల పోయాక అక్కడ వదినకు మంచం వెయ్యొద్దా అన్నయ్యా?" అన్నాను.

వాడు ఆ మాట ఎంత గట్టిగా అన్నాడంటే, పక్కింటావిడ ఏం జరిగిందోనని చేతిలో చీపురుతో పరిగెత్తుకొచ్చింది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, అంటూనే ఉన్నాడు. ఏడాదిగా చెబుతున్నాడు కాబోలు వదినా. మనమే తప్పువైపునుంచి విన్నాం.

కొండ ఎల్లుండికి ఆరుతుంది. ఆ మరునాడు లైబ్రరీ వ్యాన్ వస్తుంది. మంచం చేసే ఆయనకు కబురు పెట్టాను.

కత్తెరమ్మ


కుట్టుగది, కిటికీ పక్కన

కత్తెరమ్మకు:

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. ఎక్కువ రాయలేను. ఆ రోజు ఆయనతో నేను మాట్లాడకుండా ఉన్న సంగతే పదే పదే గుర్తొస్తోంది. వచ్చాక నేనే చెప్పుకుంటాను. ఎలా అడగాలో ఇప్పుడు తెలిసింది కదా.

మంచం కిటికీకి అడ్డం లేకుండా వేయించు. ఆయన మంచానికి మరీ దూరం జరపనివ్వకు, చెయ్యి చాపితే అందాలి. వాగులో దోమను తియ్యొద్దు, పిల్లలు చూసుకుంటారు.

వెంటనే బయల్దేరాలని ఉంది. కానీ నిజం చెప్పనా, లేవలేకపోతున్నాను. ఏడాది నిద్ర ఒక్కసారిగా మీదికొచ్చి పడింది. ఆయన మంచం దగ్గరికెళ్ళి ఒక మాట అడుగు. "మీ ఆవిడ ఇంకో రెండు రోజులు పడుకోవద్దా?" అని అడుగు. సరిగ్గా ఇలాగే అడుగు, తిరగెయ్యకు.

జవాబు రాయక్కర్లేదు. నేను పడుకుంటున్నాను.

వదిన